రాత్రిళ్ళు చెరువు గట్టు మీద తిరిగేది చిరుత పిల్ల కాదండి, నీటిపిల్లి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. కోనసీమలో ఐ.పోలవరం వైపు మీకు నాలుగెకరాల చేపల చెరువు, దాని వెనకాలే మురుగు కాలువ, కాలువ దాటితే మడ అడవి. పది రోజులుగా రాత్రి రెండింటికి మూడింటికి గట్టు మీద ఒక మచ్చల జంతువు తిరుగుతోంది. కాపలా ఉండే కుర్రాడు చిరుత పిల్ల అనుకుని షెడ్డు తలుపేసుకుని కూర్చుంటున్నాడు, పిల్ల ఉందంటే తల్లి కూడా ఎక్కడో ఉండే ఉంటుందని ఊళ్ళో పుకారు లేచింది, పక్క చెరువాయనేమో గట్టు చుట్టూ కరెంటు తీగ లాగేయమంటున్నాడు. ఇది నిజంగా చిరుతేనా, పిల్లలకి ప్రమాదమా, ఏం చెయ్యాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. మీరు పెట్టిన వీడియోలో ఉన్నది నీటిపిల్లి. మనుషుల మీదకి రాదు. కరెంటు తీగ మాత్రం దయచేసి లాగొద్దు. ఇంక మిగతాదంతా ఎందుకు అలా అంటున్నానో చెప్పడమే.

నేను గోదావరి డెల్టాలో పద్నాలుగేళ్ళుగా చిన్న అడవి పిల్లుల మీద పని చేస్తున్నా, కాలువల వెంబడి కెమెరాలు కట్టడం, అడుగులు కొలవడం, రెట్టలు ఏరి వాటిలో ఏ ముల్లు ఉందో ఏ పీత చిప్ప ఉందో చూడడం, చెరువుల వాళ్ళతో కూర్చుని మాట్లాడడం ఇదే నా పని. మీలాంటి ఫోన్లు నాకు ఏడాదికి పదో పన్నెండో వస్తాయి, దాదాపు అన్నిట్లోనూ మొదటి మాట "చిరుత పిల్ల" అనే.

ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు దగ్గర, తర్వాత కడియం నర్సరీల వైపు నిజంగానే చిరుత తిరిగింది, అవన్నీ టీవీల్లో చూసి ఉన్నారు కాబట్టి మీ కుర్రాడు భయపడడంలో తప్పేమీ లేదు. కానీ మీ వీడియో మసగ్గా ఉన్నా ఒక్కటి మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది, తోక. చిరుతకి, దాని పిల్లకి కూడా తోక పొడుగ్గా ఉంటుంది, నీటిపిల్లికి పొట్టిగా లావుగా ఉంటుంది, ఒంటి పొడవులో మూడో వంతు అంతే. గట్టు మీద నడుస్తున్నప్పుడు మీ జంతువు తోక నేలకి తగలట్లేదు చూడండి. ఇంకోటి మచ్చలు. చిరుతకి మచ్చలు గుండ్రంగా పువ్వుల్లా గుత్తులు గుత్తులుగా ఉంటాయి, ఒళ్ళు పసుపు రంగు. నీటిపిల్లి ఒళ్ళు బూడిద రంగుకి ఆకుపచ్చ నీడ పడినట్టు ఉంటుంది, మచ్చలు విడివిడిగా నల్లగా వీపు మీద వరసలుగా తీరి ఉంటాయి, నుదుటి మీంచి మెడ దాకా నల్ల చారలు ఐదారు కనిపిస్తాయి. చెవులు చిన్నవి, తలకి వెనగ్గా అతుక్కున్నట్టుంటాయి, చెవి వెనకాల నలుపు మీద తెల్ల చుక్క. కాళ్ళు పొట్టి, ఒళ్ళు దిట్టం. మగది పెద్దదైతే పదహారు కిలోల దాకా తూగుతుంది, ఆడది అందులో సగం. అంటే ఇంటి పిల్లికి రెండింతలు మూడింతలు, అందుకే రాత్రి టార్చి వెలుగులో చూసినవాళ్ళకి చిరుత పిల్లలా అనిపిస్తుంది.

పేరు దగ్గర కూడా ఒక గందరగోళం ఉందండి. కొన్ని ఊళ్ళలో దీన్ని బావురుపిల్లి అంటారు, అదే పేరుతో ఇంకో ఊళ్ళో జంగపిల్లిని పిలుస్తారు. జంగపిల్లి వేరే, దానికి మచ్చలు ఉండవు, కాళ్ళు పొడుగు, చెవి కొసన చిన్న కుచ్చు ఉంటుంది, పొలాల్లో ఎలకల కోసం తిరుగుతుంది. పునుగుపిల్లి అసలు పిల్లి జాతే కాదు, మూతి కోసుగా ముందుకి సాగి ఉంటుంది, తోక పొడుగ్గా కట్లు కట్లుగా ఉంటుంది. ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేసేటప్పుడు పేరు చెప్పకండి, తోక ఎంత పొడుగో, మచ్చలు ఉన్నాయో లేవో చెప్పండి, వాళ్ళకి అదే ఉపయోగం.

ఇంక ఇది మీ గట్టు మీదకే ఎందుకొచ్చింది అంటే, ఇది నీళ్ళ కోసం పుట్టిన పిల్లి కాబట్టి. మామూలుగా పిల్లికి తడి పడదు, దీనికి నీళ్ళే ఇల్లు. వేళ్ళ మధ్య కొంతమేర చర్మం ఉంటుంది బాతుకున్నట్టు, పూర్తిగా కాదు. గోళ్ళు ఇంటి పిల్లికిలాగా పూర్తిగా లోపలికి పోవు, కొసలు బయటికే ఉంటాయి, అందుకని బురదలో అడుగు పడితే గోటి గుర్తు కూడా చాలాసార్లు కనిపిస్తుంది. బొచ్చు రెండు పొరలు, లోపలి పొర పొట్టిగా ఒత్తుగా ఉండి నీళ్ళని చర్మం దాకా పోనివ్వదు, పై పొర పొడుగు వెంట్రుకలు, మచ్చలన్నీ ఆ పై పొర వల్లే కనిపిస్తాయి. ఆ పొట్టి తోక ఈదేటప్పుడు పడవకి చుక్కానిలా పని చేస్తుంది. నీళ్ళలో మునిగి చేప పట్టగలదు, మా కెమెరాల్లో తల పూర్తిగా ముంచి దూకినవి ఉన్నాయి.

ఒక రాత్రి సంగతి చెప్తా. డిసెంబరు నెల, కాకినాడ దగ్గర కోరంగి మడ అడవి వైపు ఒక పాయ పక్కన నేనూ మా పడవ నడిపే ఆయనా పడవలోనే పడుకున్నాం, పోటు తీసి పాటు మొదలైంది, నీళ్ళు దిగుతుంటే మడ వేళ్ళ మధ్య గుంటల్లో చిన్న చిన్న చేపలు చిక్కుకుపోతాయి కదా, ఆ టైముకి వచ్చింది. మాకు పదిహేను అడుగుల దూరంలో గుంట అంచున కూర్చుంది. అరగంట దాకా కదల్లేదు. నేను నిద్రపోయిందేమో అనుకున్నా. తర్వాత ముందుకాలు ఒకటి తీసి నీళ్ళ మీద మెల్లగా తట్టింది, వేలితో తట్టినట్టు, పురుగు పడ్డట్టు చిన్న అల లేచింది. మళ్ళీ తట్టింది. మూడోసారి ఆ కాలే పంజా అయ్యి నీళ్ళలోంచి ఒక జెల్ల చేపని ఒడ్డుకి విసిరింది, అది బురదలో ఎగురుతుంటే మెడ దగ్గర కరిచి పట్టుకుని, తలెత్తి మా పడవ వైపు ఒకసారి చూసి, వేళ్ళ మధ్యలోంచి వెళ్ళిపోయింది. పడవ నడిపే ఆయన నలభై ఏళ్ళుగా అక్కడ వేట చేస్తున్నాడు, అంతసేపు దాన్ని చూడడం ఆయనకీ మొదటిసారి. పొద్దున్న లేచి మొదటి మాట ఏమన్నాడంటే, "మన వేటే అండి ఇది, వల లేదంతే" అన్నాడు.

పిల్లల సంగతి అడిగారు కదా. నాకు తెలిసినంతలో ఈ జంతువు మనిషి మీద వేటకి వచ్చింది అన్నది ఒక్కటి కూడా లేదు. మనల్ని చూస్తే నీళ్ళలోకో జమ్ములోకో దిగిపోతుంది. కానీ మూలకి తరిమి కర్రలతో చుట్టుముడితే మాత్రం కరుస్తుంది, గోళ్ళతో చీరుతుంది, పదిహేను కిలోల జంతువు కాబట్టి దెబ్బ గట్టిగానే తగులుతుంది. గట్టు మీద కోళ్ళు పెంచుతుంటే రాత్రి గూట్లో పెట్టి తలుపు వెయ్యండి, కోడి దొరికితే వదలదు, అది దాచను. అలాగే ఎవరినైనా కరిస్తే రేబీస్ టీకా వెంటనే వేయించాలి, ఏ అడవి జంతువుకైనా అదే రూలు.

ఇంక చేపల నష్టం. తింటుంది, తినదు అని అబద్ధం చెప్పను. కానీ ఎంత తింటుంది అన్నదే అసలు ప్రశ్న. కాట్రేనికోన వైపు ఒక రైతు నన్ను పిలిచి, పిల్లి వల్ల సరుకంతా పోతోంది, దాన్ని పట్టుకెళ్ళండి లేదంటే నేనే చూసుకుంటా అన్నాడు. గట్టు చుట్టూ ఆరు కెమెరాలు పెట్టి మూడు వారాలు ఉంచాం. పిల్లి తొమ్మిది రాత్రులు వచ్చింది, నోట్లో చేపతో రెండుసార్లు పడింది, ఒకసారి ఎలకతో, మిగతా రోజులు గట్టు మీద నడిచి వెళ్ళిపోయింది. చేపలు నిజంగా లాగేస్తున్నది నీటికుక్కలు, ఆరు ఒకే గుంపుగా వచ్చి గంటసేపు నీళ్ళలో ఉండి వెళ్తున్నాయి. ఇది ఆయనకి చెప్పాలా వద్దా అని నేను ఒక రాత్రంతా ఆలోచించా, ఎందుకంటే పిల్లిని వదిలి నీటికుక్కల మీద పడతాడేమో అని భయం, వాటి పరిస్థితీ అంతంతమాత్రమే. చివరికి వీడియోలన్నీ కూర్చోబెట్టి చూపించా. ఆయన ఐదు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత కాలువ వైపు గట్టుకి కింద అంచు మట్టిలో పూడ్చి వల కట్టించాడు. దాంతో చాలావరకు తగ్గిందని ఆయనే తర్వాత ఫోన్ చేసి చెప్పాడు.

ఇంకోటి, మీ గట్టుకి గండి పడేది ఎందుకు? ఎలక బొరియలు, పీత బొరియలే కదా ఎక్కువ. మేత బస్తాలు ఉన్నచోట ఎలకలు ఉండకుండా ఉండవు. నీటిపిల్లి రెట్టలో నాకు చేప ముళ్ళ తర్వాత ఎక్కువగా దొరికేవి పీత చిప్పలు, ఎలక బొచ్చు. కప్పలు, పాములు, నీటి పక్షులు కూడా తింటుంది. అంటే అది మీ దగ్గర తీసుకునేదానికి తిరిగి కొంత ఇచ్చే వెళ్తోంది.

చెయ్యగలిగినవి చెప్తా, ఇవి మా వైపు చెరువుల్లో పని చేసినవి. చచ్చిన చేపల్ని గట్టు మీద పారెయ్యడం ముందు ఆపండి, గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి, పది కేసుల్లో ఆరేడింట్లో పిల్లి గట్టుకి అలవాటు పడింది దీనివల్లే. చిన్న పిల్ల చేప ఉన్న నర్సరీ గుంటకి పైన వల వెయ్యండి, పక్షులక్కూడా అదే పని చేస్తుంది. గట్టు చుట్టూ వల కడితే బిగించి కట్టకండి, పై అంచు వదులుగా బయటికి వంగేలా ఉంచండి, ఊగేదాని మీదకి ఎక్కడానికి అది ఇష్టపడదు. లైట్లు పెడితే ఓ వారం భయపడుతుంది, తర్వాత అలవాటైపోతుంది, దానికి ఎక్కువ ఖర్చు పెట్టకండి. ఊరకుక్కల్ని మాత్రం ఉసిగొల్పొద్దు, గుంపుగా పడి చంపేస్తాయి, కుక్కల రోగాలు అడవి పిల్లులకి అంటుకుంటాయి కూడా. చెరువు దగ్గర మీ కుక్క ఉంటే టీకాలు వేయించండి.

ఇప్పుడు తీగ గురించి. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది కానీ రాయాలి. నాలుగేళ్ళ కింద ఒక ఊళ్ళో, ఊరి పేరు చెప్పను, తెల్లారగట్ల ఐదింటికి ఫోన్ వస్తే వెళ్ళా. గట్టు మీద మోకాలెత్తున తీగ, మోటారు లైను నుంచి లాగారు. ఆడ పిల్లి తీగ మీదే పడి ఉంది. మంచుకి బొచ్చంతా చిన్న చిన్న నీటి బొట్లు, నేను చెయ్యి పెడితే కింద పొర ఇంకా పొడిగానే ఉంది. పొట్ట దగ్గర బొచ్చు పక్కకి తొలిగి పాలు ఇస్తున్న గుర్తులున్నాయి. అంటే పిల్లలు దగ్గర్లోనే ఉన్నాయి. రెండు రోజులు జమ్మంతా వెతికాం, దొరకలేదు. తీగ లాగిన ఆయన చెడ్డవాడు కాదండి, మాతో పాటు వెతికినవాడు ఆయనే, ఇంత అవుతుందనుకోలేదు అని ఏడ్చాడు.

అదే తీగ మీద మీ కుర్రాడి చెయ్యి పడొచ్చు, గడ్డి కోసుకోడానికి వచ్చిన ఆడమనిషి కాలు పడొచ్చు. గట్టు మీద కరెంటు పెట్టి మనుషులు చనిపోయిన కేసులు మన పేపర్లో మీరూ చదివే ఉంటారు. చేపలో గుళికల మందు పెట్టి వెయ్యడమూ అంతే, పిల్లి ఒక్కటే తినదు, గద్దలు తింటాయి, కుక్కలు తింటాయి, వర్షం వస్తే ఆ మందు మీ చెరువులోకే దిగుతుంది. చట్టం ప్రకారం చూసినా 1972 వన్యప్రాణి చట్టంలో నీటిపిల్లి మొదటి షెడ్యూల్లో ఉంది, పులితో సమానం, చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, 2022లో మార్చిన చట్టం ప్రకారం జరిమానా పాతిక వేలకి తగ్గదు. మీ పక్క చెరువాయనకి ఇది భయపెట్టడానికి కాకుండా జాగ్రత్త కోసం చెప్పండి, చాలామందికి నిజంగానే తెలీదు.

అసలు ఒక్క పిల్లి కోసం ఇంత ఎందుకు అని మీరు అడగలేదు కానీ మీ ఊళ్ళో ఎవరో ఒకరు అడుగుతారు. నీటిపిల్లి ప్రపంచంలో దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లోనే ఉంది, అదీ తడి నేలలు ఉన్నచోట ముక్కలు ముక్కలుగా. మన దేశంలో హిమాలయాల కింది తరాయి, బ్రహ్మపుత్ర లోయ, బెంగాల్, ఇటు తూర్పు తీరం వెంబడి సుందరబన్స్, ఒడిశాలో భితర్‌కనిక, చిలికా, ఆ తర్వాత మన గోదావరి, కృష్ణా డెల్టాలు. బెంగాల్ వాళ్ళు దాన్ని రాష్ట్ర జంతువు చేసుకున్నారు. మన దగ్గర కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, 2018లో అక్కడ చేసిన సర్వేలో 115 దాకా ఉన్నాయని తేలింది. చిలికాలో 2022లో లెక్క తేల్చారు, 176. ఎలా లెక్కపెడతారు అంటే, మన వేలిముద్రల్లాగా ఒక పిల్లి మచ్చలు ఇంకో పిల్లికి ఉండవు, కెమెరాలో పడిన ఫోటోల్లో మచ్చలు పోల్చి ఇది పాతదా కొత్తదా అని విడదీస్తారు. మా ఇంట్లో ఆ పనికే రాత్రిళ్ళు రాత్రిళ్ళు గడిచిపోయిన రోజులున్నాయి.

చిలికా లెక్కలో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది, అది అభయారణ్యాల బయట ఉన్న నీటిపిల్లుల లెక్క. అంటే జనం చేపలు పట్టుకునే చోట, రెల్లు కోసుకునే చోట, ఊళ్ళ పక్కన బతుకుతున్నవి. శ్రీలంకలో అయితే కొలంబో సిటీ మధ్యలో మిగిలిన తడి నేలల్లోనే ఉంటున్నాయి. అడవి హద్దు రాయి దాటగానే పిల్లి ఆగిపోదు కదండి. అది బతకాలంటే కోరంగిలో మడ ఒక్కటే చాలదు, మీ మురుగు కాలువ పక్కన ఉన్న జమ్ము, తుంగ కూడా కావాలి, పగలు పడుకునేది అక్కడే, ఈనేది అక్కడే.

మన డెల్టాలో ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. తొంభైల్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు మడా, ఉప్పు నేలా, వరి పొలమూ అని చూడకుండా తవ్వేశారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంబడి రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది, తర్వాత 2005లో దానికంటూ ఒక చట్టం వచ్చింది, ఆ తర్వాత వనామి రొయ్య వచ్చి మళ్ళీ తవ్వకాలు పెరిగాయి. నేను ఆక్వాకి వ్యతిరేకిని కాదు, మా బావమరిదికి కూడా చెరువులున్నాయి, ఆ డబ్బుతోనే పిల్లలు చదువుకున్నారు. కానీ రెండు చెరువుల మధ్య అడుగు జాగా కూడా వదలకుండా కాలువ అంచు దాకా గీకేస్తే ఆ పిల్లికి నడవడానికి మీ గట్టు తప్ప ఇంకేమీ మిగలదు, అందుకే గట్టు మీద కనిపిస్తోంది. అది మీ చెరువులోకి రాలేదు, అది నడిచే దారిలో చెరువులు వచ్చాయి. మడ సంగతి కూడా అంతే, 1977 ఉప్పెనలో దివిసీమ ఎలా తుడిచిపెట్టుకుపోయిందో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు, 1999లో ఒడిశా తుఫాను తర్వాత చూస్తే మడ మిగిలిన చోట వెనకున్న ఊళ్ళలో చావులు తగ్గాయని తేల్చారు. పిల్లిని కాపాడే మడే మిమ్మల్నీ కాపాడుతోంది.

జమ్ము కోసేటప్పుడు పిల్ల కూనలు దొరికితే ఏం చెయ్యాలో కూడా చెప్పేస్తా, మీ వైపు తప్పకుండా జరుగుతుంది. ఈతకి రెండో మూడో పెడుతుంది, కళ్ళు తెరవడానికే రెండు వారాలు దాటుతుంది, పది నెలల దాకా తల్లి వెంటే. చిరుత పిల్లలనుకుని ఇంటికి తెచ్చి ఆవు పాలు పడతారు, విరోచనాలు పట్టుకుని చచ్చిపోతాయి. ఒకసారి ఇలాగే రెండు కూనల్ని బుట్టలో పెట్టి పంచాయతీ ఆఫీసు దగ్గర ఊరంతా ఫోటోలు దిగారు. మేం వెళ్ళేసరికి సాయంత్రం నాలుగు. ఫారెస్టు వాళ్ళు, మేము కలిసి ఎక్కడ దొరికాయో సరిగ్గా అక్కడే, కోయకుండా మిగిలిన జమ్ము పక్కన పెట్టి, అందర్నీ పంపేసి, దూరంగా కెమెరా కట్టి వచ్చేశాం. రాత్రి పదకొండున్నరకి తల్లి వచ్చింది, ఒకదాన్ని మెడ పట్టుకుని తీసుకెళ్ళింది, ఇరవై నిమిషాలకి మళ్ళీ వచ్చి రెండోదాన్ని తీసుకెళ్ళింది. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుంది అన్నది నిజం కాదండి. ముట్టుకోకుండా ఉంటే మంచిది, ముట్టుకున్నా అదే రోజు రాత్రికి అదే చోట పెట్టెయ్యాలి, కోత ఒక రోజు ఆపాలి.

పిల్లిని పట్టుకుని దూరంగా వదిలేస్తారా అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. ఆ పని నేను చెయ్యను, ఫారెస్టు వాళ్ళని చెయ్యమని కూడా అడగను. దాన్ని తీసేస్తే మీ గట్టు ఖాళీగా ఉండదు, నెలలోపు ఇంకోటి వస్తుంది, తీసుకెళ్ళింది కొత్త చోట అక్కడున్న పిల్లులతో కొట్లాడి చచ్చిపోవచ్చు. బావిలోనో ఖాళీ ట్యాంకులోనో పడితే, లేదా ఇంట్లో దూరితే మాత్రం వెంటనే మీ ఫారెస్టు బీట్ ఆఫీసరుకి చెప్పండి. వాళ్ళు వచ్చేదాకా జనాన్ని దూరంగా ఉంచండి, ట్యాంకులో అయితే ఒక పొడుగాటి చెక్క ఏటవాలుగా వేసి లైటు ఆర్పేస్తే చాలాసార్లు అదే ఎక్కి వెళ్ళిపోతుంది.

మీ కుర్రాడికి నా తరఫున ఒకటి చెప్పండి. రేపు పొద్దున్న ఎండ ఎక్కకముందు గట్టు కింద తడి మట్టిలో అడుగు వెతకమనండి, పక్కన అగ్గిపెట్టె పెట్టి పైనుంచి నిటారుగా ఫోటో తీసి ఇక్కడే పెట్టమనండి. అడుగు గుండ్రంగా, అగ్గిపెట్టె పొడవుకి ఇంచుమించుగా ఉంటే నేను చెప్పిందే. దానికి రెండింతలుంటే నాకూ ఫారెస్టు వాళ్ళకీ ఒకేసారి ఫోన్ చెయ్యండి. ఈలోపు కాలువ వైపున్న ఆ జమ్ము కొయ్యకండి, ఇన్ని రోజులుగా అదే చోటకి వస్తోందంటే లోపల పిల్లలున్నాయేమో అని నాకు అనుమానంగా ఉంది, కెమెరా ఒకటి తీసుకుని నేనే వచ్చి చూస్తా.